త్రాసు తీసేసి తూకం సరిపోయిందంటారా?

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెతను సమాచార హక్కుకూ వ్యక్తిగత గోప్యతకూ అంటగట్టి మాట్లాడటం ఈమధ్య మామూలైపోయింది. వాదన ఇలా సాగుతుంది: సుప్రీంకోర్టు 2017 నాటి పుట్టస్వామి తీర్పుతో గోప్యత ప్రాథమిక హక్కయింది, కాబట్టి 2005 నాటి సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె)ని మార్చక తప్పలేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన 44(3) సెక్షన్‌తో చేసింది ఆ సర్దుబాటే. ప్రజాప్రయోజనం సంగతంటారా, అది ఎక్కువైతే సమాచారం ఇవ్వనిచ్చే 8(2) ఎలాగూ ఉంది. పైగా సమాచార అధికారికి తలనొప్పి తగ్గింది. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ 2025లో ఈ సవరణను సమర్థించినప్పుడూ పుట్టస్వామి పేరే ముందుకు తెచ్చారు.

చెన్నైలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆ తలనొప్పి కుర్చీలో నేను కొన్నేళ్లు కూర్చున్నాను. ఈ వాదనలో ప్రతి మెట్టూ కదులుతుంది. చివరి మెట్టయితే అసలు లేనే లేదు.

గోప్యత 2017లో పుట్టిందనుకునేవాళ్లు ముందు ఈ ఊరి కథ ఒకటి వినాలి. ఆరు హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో ఉండగా తన జీవితకథ రాసుకున్నాడు. కొందరు ఐఏఎస్, ఐపీఎస్ అధికారులతో తనకున్న సంబంధాలు అందులో ఉన్నాయన్నారు. చెన్నై వారపత్రిక ‘నక్కీరన్’ దాన్ని అచ్చు వేయబోతుంటే 1994 జూన్‌లో జైళ్ల ఐజీ నుంచి లేఖ వచ్చింది. ఆ రాతలు నిజం కావు, ప్రచురిస్తే చర్య తప్పదు అని. పత్రిక సంపాదకుడు ఆర్. రాజగోపాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే ఏడాది అక్టోబరు 7న తీర్పు రాసింది మన తెలంగాణ బిడ్డ జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి.

గోప్యత 21వ అధికరణలోని జీవించే హక్కులోనే ఇమిడి ఉందని ఆ తీర్పు పుట్టస్వామికి ఇరవై మూడేళ్ల ముందే చెప్పింది. మనిషి ఇల్లు, పెళ్లి, పిల్లలు, చదువు లాంటి విషయాలు అతని అనుమతి లేకుండా రాయకూడదంది. ఆ వెంటనే రెండు గీతలు గీసింది. కోర్టు దస్తావేజుల్లాంటి ప్రజా రికార్డుల్లోకి ఎక్కినదానికి గోప్యత వర్తించదు, లైంగిక అత్యాచార బాధితుల పేర్లు మాత్రం అప్పుడూ బయటపెట్టకూడదు. ఇక ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో చేసిన పనికి గోప్యత అడ్డు పెట్టుకోలేడు. అచ్చుకు ముందే ఆపే అధికారం ప్రభుత్వానికీ లేదు, అధికారులకూ లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. మద్రాసులో ఆనాడు గోప్యత దుప్పటి వెతుక్కున్నది సామాన్యుడు కాదు. ఆ దుప్పటి అవసరం ఎవరికి ఎక్కువో ముప్పై ఏళ్లుగా మారలేదు.

పదకొండేళ్ల తర్వాత వచ్చిన 8(1)(జె) ఈ గీతల మీదే నిలబడింది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని సొంత విషయమైతే, లేదా అనవసరంగా ఒకరి గోప్యతలోకి చొరబడేదైతే ఇవ్వనక్కరలేదు. అయితే విస్తృత ప్రజాప్రయోజనం ఉందని సమాచార అధికారికి నమ్మకం కుదిరితే ఇవ్వవచ్చు. అంటే గోప్యత చట్టంలో ముందునుంచీ ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు చెప్పిన కొలతలు కూడా చట్టం ఉండాలి, న్యాయమైన ఉద్దేశం ఉండాలి, చర్య మోతాదు మించకూడదు అనేవే. పాత 8(1)(జె) ఆ కేసులో ముద్దాయి కాదు. దాన్ని కొట్టేయమని ఆ ధర్మాసనంలో ఎవరూ చెప్పలేదు.

ఈ తూకం కాగితం మీది మాట కాదు, బల్ల మీద రోజూ జరిగే పని. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించిన మను వచ్చేది (చెన్నైలో దరఖాస్తును అలాగే అంటాం). ఫలానా పథకం కింద మా వార్డులో ఎవరెవరికి డబ్బు అందింది అని ఒకరు అడుగుతారు. జాబితా తీసి, జిరాక్సు చేయించి, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్ల మీద నల్ల మార్కరు గీసేవాళ్లం. మార్కరు గీత వెలుతురుకు పట్టి చూస్తే అంకెలు కనిపిస్తాయి గనుక దాన్ని మళ్లీ జిరాక్సు తీసి ఆ రెండో కాపీ ఇచ్చేవాళ్లం. పేరు, వీధి, మొత్తం మిగిలేవి. దీనికి 10వ సెక్షన్ ఉంది: ఇవ్వకూడనిది తీసేసి ఇవ్వగలిగింది ఇవ్వమంటుంది. విడాకుల గొడవలో ఉన్న భర్త భార్య వైద్య సెలవు కాగితాలు అడిగితే అదే చట్టం చూపించి ఇవ్వలేమని చెప్పాం. అప్పుడు గోప్యతకు ఏ లోటు జరిగింది?

కొత్త 8(1)(జె)లో మిగిలింది ఒక్క ముక్క: వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం. అంతే. ప్రజా కార్యకలాపం లేదు, అనవసర చొరబాటు లేదు, అధికారి నమ్మకమూ లేదు. ఈ మార్పు 2025 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. సంతకం ఉన్న ప్రతి కాగితమూ ఎవరో ఒకరి వ్యక్తిగతమే. గుత్తేదారు పేరూ అంతే, సర్టిఫికెట్టు దొంగదో కాదో తేలాల్సిన ఉద్యోగి పేరూ అంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్లు తెచ్చి, ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత కూలీ పడిందో ఊరందరి ముందూ పేరుపేరునా చదివేవారు. పేరు చదవకుండా దొంగ మస్టరు ఎలా దొరుకుతుంది?

8(2) ఉందిగా అంటారు. ఉంది, కానీ దాన్ని చదివి మాట్లాడాలి. పాత నిబంధనలో ప్రజాప్రయోజనాన్ని తూచేది కింది బల్ల దగ్గరి సమాచార అధికారి, ఆపైన అప్పీలు అధికారి. 8(2)లో ఆ మాట ‘పబ్లిక్ అథారిటీ’ది, అంటే సంస్థది. అదీ ‘ఇవ్వవచ్చు’ అని. ఫైలు పైకి వెళ్తుంది, పైన ఉన్నాయన పేరే అందులో ఉండవచ్చు. ముప్పై రోజుల గడువున్న మను ఎంతకాలం అక్కడ నిద్రపోతుందో ఆఫీసులో పనిచేసినవాళ్లకు చెప్పనక్కరలేదు. తలనొప్పి తగ్గింది అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. తగ్గింది పని కాదు, నిర్ణయించే అధికారం. కారణం లేకుండా సమాచారం ఆపితే సమాచార అధికారి జేబులోంచి రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 జరిమానా. కొత్త డేటా చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా. అది సంస్థల మీద వేసేదే, గుమస్తా మీద కాదు. కానీ ఆ అంకె విన్న గుమస్తా ఏ వైపు మొగ్గుతాడో ఊహించండి.

ప్రభుత్వానికి పౌరుల గోప్యత మీద అంత బెంగ ఉంటే దాన్ని చూపించే చోట్లు చెన్నైలోనే బోలెడు ఉన్నాయి. 2020 మార్చిలో నగరపాలక సంస్థ ఇళ్ల తలుపులకు క్వారంటైన్ స్టిక్కర్లు అంటించింది. ఆళ్వార్‌పేటలో కమల్ హాసన్ పూర్వపు ఇంటికీ ఒకటి అంటించి, పొరపాటని తర్వాత తీసేసింది. నటుడు గనుక అది వార్తయింది. మామూలు వీధిలో ఆ కాగితం చూసి పాలవాడు మెట్లెక్కడం మానేసిన ఇళ్ల లెక్క ఎవరు తీశారు? 2024 మేలో తమిళనాడు పోలీసుల ముఖ గుర్తింపు పోర్టల్లోకి హ్యాకర్లు చొరబడ్డారు. వీటిలో సమాచార హక్కు దరఖాస్తు పాత్ర ఏమీ లేదు. ఇంతా చేసి డేటా రక్షణ చట్టం 17(2) ప్రకారం కేంద్రం తాను ప్రకటించిన ప్రభుత్వ సంస్థలకు మొత్తం చట్టం నుంచే మినహాయింపు ఇవ్వవచ్చు. పౌరుడి ముఖం తీసుకునేవాడికి మినహాయింపు, అధికారి సంతకం చూపమన్నవాడికి అడ్డుకట్ట.

మన వైపు అతిశయోక్తిని కూడా ఒప్పుకోవాలి. సమాచార హక్కు చచ్చిపోయిందనడం తొందరపాటు. ఉద్యోగుల జాబితా, జీతాలు, రాయితీలు పొందినవారి వివరాలు స్వయంగా ప్రకటించాలన్న 4వ సెక్షన్ ఇంకా పుస్తకంలోనే ఉంది. అయితే 8(1) మొదలయ్యేదే ఈ చట్టంలో ఇంకేమి ఉన్నా సరే అనే ధోరణిలో. కావాలనుకున్న అధికారి ఆ గొడ్డలితో 4ను కూడా నరకగలడు. చచ్చిపోలేదు, మంచాన పడేశారు అంటే సరిపోతుంది.

ఈ సవరణ దెబ్బ ఎక్కడ పడుతుందో చూడటానికి మళ్లీ మద్రాసు హైకోర్టు దాకా రావాలి. 2014 సెప్టెంబరులో అక్కడి ద్విసభ్య ధర్మాసనం సమాచారం అడిగేవాళ్లు కనీస కారణమైనా చెప్పాలని రాసింది. చట్టం 6(2) మాత్రం కారణం అడగకూడదని స్పష్టంగా చెబుతుంది. పొరపాటు తెలుసుకుని ధర్మాసనమే రోజుల వ్యవధిలో ఆ వాక్యాలను తీసేసింది. ఇప్పుడు ఎవరి పేరైనా ఉన్న కాగితం కావాలంటే ప్రజాప్రయోజనం ఏమిటో 8(2) కింద దరఖాస్తుదారే వాదించుకోవాలి. కోర్టు తలుపు దగ్గర వద్దన్న కారణాన్ని పార్లమెంటు దొడ్డిదారిన లోపలికి తెచ్చింది.

అప్పుడు హైకోర్టు తన తప్పును తానే కొట్టేసుకుంది. పార్లమెంటు చేయాల్సిందీ అదే: 44(3)ని రద్దు చేసి, 2005 నాటి 8(1)(జె) వాక్యాన్ని యథాతథంగా తిరిగి పెట్టాలి. అది జరిగేదాకా, మను రాసే ప్రతి ఒక్కరూ కింద మరో రెండు పంక్తులు చేర్చండి: 10వ సెక్షన్ ప్రకారం ఇవ్వగలిగిన భాగం ఇవ్వండి, 8(2) ప్రకారం ప్రజాప్రయోజనాన్ని తూచి నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపండి అని.