రుచి కోనసీమది... కొట్టు ఎవరిది?

ఫుడ్ ఫెస్టివల్ అన్న మాట ఈ మధ్య బాగా చెలామణీలోకి వచ్చింది. నగరంలో పెద్ద హోటలు వాళ్ళు పది గిన్నెలు వరుసగా పెడితే ఫుడ్ ఫెస్టివల్. మైదానంలో టెంట్లు వేసి పాటలు పెడితే స్ట్రీట్ ఫుడ్ ఫెస్టివల్. బోర్డు మీద కొబ్బరి చెట్టు, పక్కన పడవ, కింద 'గోదావరి రుచులు' అని పెద్ద అక్షరాలు. లోపలికి పోవడానికి టికెట్టు, తినడానికి మళ్ళీ కూపన్లు. అలాంటి వాటికి మేం నలుగురు మిత్రులం చాలాసార్లే పోయాం. తిన్నాం. బాగున్నదాన్ని బాగుందనే అన్నాం. కానీ ప్రతిసారీ ఒక ప్రశ్న మిగిలిపోతోంది. రుచి మనది, పేరు మనది. మరి కొట్టు ఎవరిది?

స్ట్రీట్ ఫుడ్ ఫెస్టివల్ ఢిల్లీ నుంచో బ్యాంకాక్ నుంచో దిగుమతయిందని చాలామంది అనుకుంటున్నారు. కోనసీమకు ఆ మాట కొత్తగాని ఆ పని కొత్త కాదు. మన తాతలు దాన్ని తీర్థం అన్నారు. తీర్థానికి టికెట్టు లేదు, గేటు లేదు. దేవుడు మధ్యలో ఉంటాడు, చుట్టూ పొయ్యిలు ఉంటాయి. మొక్కు ఉన్నవాడు మొక్కు తీర్చుకుంటాడు, ఆకలి ఉన్నవాడు బజ్జీల కొట్టు దగ్గర నిలబడతాడు. రెండూ ఉన్నవాళ్ళే ఎక్కువ.

కనుమ నాడు జగ్గన్నతోటకు వెళ్ళి చూడండి. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను కౌశిక కాలువ నీళ్ళల్లోంచి భుజాల మీద దాటిస్తారు. పచ్చని చేలు తొక్కుకుంటూ ప్రభ పోతుంటే చేను గలాయన అడ్డం చెప్పడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. శకటం మీద ప్రభలు ఊరేగాయి. తీర్థాన్ని నిజంగా నడిపించే ఇంకో సగం, అంటే ఆ చుట్టూ వెలిసే వందల పొయ్యిలు, ఏ శకటమూ ఎక్కలేదు.

ఒక్క జగ్గన్నతోటే కాదు. సంక్రాంతికి కొత్తపేటలోనూ ప్రభల తీర్థం జరుగుతుంది. మాఘంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది నరసింహస్వామి రథం కదులుతుంది. వాడపల్లి వెంకన్న దగ్గర ప్రతి శనివారమూ తీర్థమే. ఏడు శనివారాల మొక్కుతో వచ్చే జనానికి దారి పొడవునా ఎవరో ఒకరు ఏదో ఒకటి వండి పెడుతూనే ఉంటారు.

తీర్థంలో తినడానికి మా నలుగురికీ ఒక పద్ధతి ఉంది. ఒకరు కొనాలి, నలుగురు తినాలి. ఒకే కొట్టు దగ్గర రెండోసారి ఆగకూడదు. అలా అయితేనే సాయంత్రానికి తీర్థం మొత్తం చుట్టగలం. ముందు మిరపకాయ బజ్జీ. వేడి మీదే చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇస్తారు. తర్వాత మరమరాల మసాలా. తర్వాత జీళ్ళు. బెల్లం పాకాన్ని మేకుకు తగిలించి సాగదీస్తూ, మళ్ళీ మడిచి సాగదీస్తూ ఉంటే నల్లటి పాకం తేనె రంగుకు తిరుగుతుంది. ఆ చేతుల బలం చూడాలి. అదే సీజనులో తాటి తేగలు వస్తాయి. కుండలో పెట్టి కాల్చిన తేగను నిలువునా చీలిస్తే లోపల చందమామ ఉంటుంది. అది ఎవరి వాటా అన్నదాని మీద మాకు ఏటా తగువే.

అంబాజీపేట దాకా పోతే పొట్టిక్కలు. నాలుగు పనసాకులను పుల్లలతో కుట్టి బుట్ట చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. కొబ్బరి పచ్చడితో తింటే ఇక మామూలు ఇడ్లీ మీదకు మనసు పోదు. ఒక మిత్రుడు లెక్క చెప్పాడు. ఇడ్లీ రేకు ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. పొట్టిక్క బుట్ట ఒక్క పూటకే. అంటే ప్రతి పొట్టిక్క వెనకా ఆకు కోసిన చెయ్యి, కుట్టిన చెయ్యి, పిండి రుబ్బిన చెయ్యి ఉన్నాయి. అది మనం ఇచ్చే ధరలో ఎక్కడుంది?

పూతరేకు చెప్పే కథ

ఈ ప్రశ్న పూతరేకు దగ్గర ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఆత్రేయపురంలో ఇంటింటా ఇదే పని. గుండ్రటి కుండను పొయ్యి మీద బోర్లిస్తారు. కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కాలే కుండ మీద ఒక్క లాగు లాగుతారు. రెప్పపాటులో కాగితం కంటే పల్చని రేకు లేస్తుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే లేవదు. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. ఆడవాళ్ళ చేతిలో ఉంది. రోజంతా మంట ముందు, పొగలో కూర్చుని రేకు తీసేది వాళ్ళే. నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి చుట్టేదీ ఎక్కువగా వాళ్ళే.

2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం పేరు మీద వచ్చింది. సంతోషమే. తిరుపతి లడ్డూ, బందరు లడ్డూ సరసన మన రేకు చేరింది. కానీ గుర్తింపు అంటే గోడకు తగిలించే పటం కాదు కదా. 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేరును వాడుకునే హక్కు అధీకృత వినియోగదారులుగా నమోదైన వాళ్ళకు ఉంటుంది. రేకు తీసే ప్రతి ఆడమనిషి పేరూ ఆ పుస్తకంలోకి ఎక్కాలి. కుండ ముందు కూర్చున్నామె కూలిమనిషిగానే మిగిలిపోయి, డబ్బా మీద పేరున్నాయన మాత్రమే హక్కుదారుడైతే ఆ గుర్తింపు ఎవరికి వచ్చినట్టు?

నగరంలో ఒక ఫెస్టివల్‌లో మేం చూసిన సంగతి చెబుతాం. ఒక మూల కుండ బోర్లించి ఒకామె రేకులు తీస్తోంది. చుట్టూ సెల్‌ఫోన్లు. 'లైవ్' అని బోర్డు పెట్టారు. స్టాలు మీద ఉన్నది వేరే వాళ్ళ పేరు. మాలో ఒకరు కూర్చుని పలకరించారు. "అమ్మా, ఈ కొట్టు మీదేనా?" ఆమె నవ్వింది. "మాదేటండి, రోజు కూలికి వచ్చామండి. రేకులు మాయి, కొట్టు వారిదండి." మేం రాయాలనుకున్న వ్యాసం మొత్తం ఆమె ఆ ఒక్క మాటలో చెప్పేసింది.

ఏ కోనసీమ? ఎవరి కోనసీమ?

ఇంకో సంగతి కూడా చూడాలి. ఈ పండగల్లో కోనసీమ అంటే మూడు పకారాలే. పూతరేకు, పనసపొట్టు, పులస. ఇవి గొప్పవి కావని ఎవరూ అనడం లేదు. కానీ కోనసీమలో తిండి ఇంతేనా? అంతర్వేది నుంచి సముద్రం పొడవునా ఉన్న మత్స్యకార పల్లెల్లో ఏం వండుతారు? మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఏం వండుతారు? ఎండు చేపల పులుసు, చింతచిగురు ఎండురొయ్యలు, పీతల కూర, నత్తల కూర. మేం తిరిగిన ఏ ఫెస్టివల్ స్టాల్లోనూ ఇవి కనబడలేదు. వాసన వస్తుందంటారు. వాసన చేపకు ఉందా, మన చూపులో ఉందా?

పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చే ఆ చేప వేల రూపాయలు పలుకుతుంది. వల వేసినాయన దాన్ని తింటాడా? అమ్ముకుంటాడు. ఇంటికి వెళ్ళి ఎండు చేపే కాల్చుకుంటాడు. సామెత తినేవాడి పుస్తెల సంగతి చెప్పింది. పట్టేవాడి ఇంటి సంగతి చెప్పలేదు.

పండించేవాడి ఇల్లు కూడా అంతే. 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో ఈ లంకల నేల అన్నపూర్ణ అనిపించుకుంది. ఆ నేల మీదే 2011లో రైతులు పంట విరామం ప్రకటించారు. ధర గిట్టక, పెట్టుబడి తిరిగి రాక, మురుగు కాలువలు బాగుచేసే దిక్కు లేక, పండించం పొమ్మన్నారు. 2022 ఖరీఫ్‌లో మళ్ళీ అదే మాట వినిపించింది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్‌లోకి సముద్రపు నీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు మోడులయ్యాయి. కొబ్బరి లౌజు మీద జీడిపప్పు అద్ది అమ్మే స్టాల్లో ఆ మోడుల ఊసు ఉండదు. బియ్యం లేకుండా రేకు లేదు. కొబ్బరి లేకుండా కోనసీమ లేదు.

పొయ్యి మీద నింద

ఇక రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకునేవాళ్ళ సంగతి. నగరం గ్రామం పేరు ఎవరూ మరిచిపోయి ఉండరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైపులైను నుంచి కారిన గ్యాస్ అంటుకుంది. 20 మందికి పైగా కాలిపోయారు. టీ కొట్టులో పొయ్యి వెలిగించడంతో మంట లేచిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆలోచించండి. గ్యాస్ కారింది పైపు నుంచి. నలుగురికి టీ పొయ్యడానికి తెల్లారకుండా లేచి అగ్గిపుల్ల గీయడం నేరమా? ఊరు లేవకముందే లేచేవాడి మీదే ఊరి పాపం ముందు పడుతుంది.

ఆ ఏడాదే మే 1 నుంచి వీధి వ్యాపారుల చట్టం అమల్లోకి వచ్చింది. వీధిలో అమ్ముకోవడం జాలితో ఇచ్చే అనుమతి కాదు, జీవనోపాధి అని ఆ చట్టం ఒప్పుకుంది. పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలని, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలని చెప్పింది. అమలాపురం లాంటి మునిసిపాలిటీలకు ఇది వర్తిస్తుంది. మరి తీర్థాలు జరిగేది ఎక్కడ? పల్లెల్లో, తోటల్లో, గుడి ముందర. ఆ చట్టం పంచాయతీ పొలిమేర దగ్గర ఆగిపోతుంది. అక్కడ నడిచేది ఆశీలు. పాటలో ఎవరు ఎక్కువకు పాడితే వాళ్ళ మనుషులు కొట్టు కొట్టుకూ వచ్చి వసూలు చేసుకుపోతారు. బజ్జీల బాండీ వేడెక్కకముందే చెయ్యి చాపేవాడు సిద్ధం. జీళ్ళు అమ్మే అవ్వకు కూర్చునే నీడ లేదు, తాగే నీళ్ళు లేవు, రాత్రి వేళ మరుగుకు పోయే చోటు లేదు.

రోడ్డు మీద పొయ్యి వెలిగించడం అంటే ఏమిటో ఈ పేజీ చదివేవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2011లో తెలంగాణ రోడ్ల మీద, 2013లో కోస్తా రోడ్ల మీద వంటావార్పు చేసి జనం తమ మాట చెప్పారు. ఆ రోజు పొయ్యి మన గొంతయింది. మిగతా 364 రోజులూ అదే రోడ్డు మీద పొయ్యి వెలిగించేవాళ్ళ గొంతు మనకు వినబడకపోతే ఎలా?

ఫెస్టివల్స్ వద్దని మేం అనడం లేదు. నగరాల్లో గిరాకీ పెరగబట్టే ఆత్రేయపురంలో కుండలు చల్లారలేదని మాకూ తెలుసు. బయటికి పోయిన పిల్లలు అక్కడ నిలబడి అమ్మమ్మ వంట తలుచుకుంటారని తెలుసు. శుభ్రత కావాలి, లెక్కా పత్రం కావాలి, కాదనం. కానీ శుభ్రత పేరు చెప్పి పొయ్యిని తోసేసి, దాని రుచిని మాత్రం ఏసీ హాల్లోకి మోసుకుపోతామంటే ఒప్పుకోం.

కోనసీమ పేరుతో ఎక్కడ తిండి పండగ పెట్టినా మొదటి కొట్లు వండే చేతులకే ఇవ్వాలి. పండగకు ప్రభుత్వ సొమ్ము గాని ప్రభుత్వ స్థలం గాని వాడుకుంటే ఇది షరతు కావాలి. బోర్డు మీద చేసినామె పేరు, ఆమె ఊరి పేరు ఉండాలి. 'లైవ్' బోర్డు కింద కూలికి కూర్చోబెట్టడం ఆగాలి. రేకు తీసే ఆడవాళ్ళందరినీ అధీకృత వినియోగదారులుగా నమోదు చేయించే బాధ్యత సంఘం, ప్రభుత్వం కలిసి తీసుకోవాలి. తీర్థాల్లో చిన్న కొట్లకు ఆశీలు ఎత్తేయాలి. నీళ్ళు, దీపం, మరుగు ఉన్నాకే తీర్థం ఏర్పాట్లు పూర్తయినట్టు లెక్క. మత్స్యకార పల్లెల వంటకూ, దళితవాడ వంటకూ అదే వరుసలో, అదే ఎత్తులో బల్ల వేయాలి.

ఇదంతా ప్రభుత్వం చూసుకుంటుందని మనం చేతులు కడుక్కోవడానికి లేదు. హోటల్లో బిల్లు మీద పన్ను కూడా కలిపి మారు మాట్లాడకుండా కట్టి వచ్చే మనం, తీర్థంలో తేగల కట్ట దగ్గర అయిదు రూపాయలు తగ్గించమని గీచి గీచి బేరం ఆడతాం. ఈసారి కనుమకు నలుగురు కలిసి వెళ్ళండి. అన్నీ తినండి. అడిగిన ధర ఇవ్వండి. ఫోటో తీసే ముందు పేరు అడగండి. ఎవరు చేశారు, ఎంత మిగులుతుంది, ఆశీలు ఎంత కట్టారు అని అడగండి. అడిగేవాళ్ళు పది మందైతే జవాబు చెప్పాల్సినవాళ్ళు దారికొస్తారు. తిన్న ఋణం అంటూ ఒకటుంటుంది. అది కూపన్లతో తీరేది కాదు.