ఎడ్లకున్న సాధన పిల్లలకు వద్దా?

సంక్రాంతికీ, తిరునాళ్ళకూ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఆ పోటీకి ఒంగోలు గిత్తలను దించే రైతు, వాటిని ముందురోజు వరకు గాటన కట్టి ఉంచి, తెల్లవారగానే పెద్దబండకు కట్టడు. నెలల తరబడి ఉలవలు పెడతాడు. నడకకు తిప్పుతాడు. చిన్న బరువుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతాడు. ఎద్దు కాలు కాస్త కుంటినట్టు కనబడితే ఆ రోజు మెడమీద కాడి మోపడు. ఇది పుస్తకాలు చదివి నేర్చిన విద్య కాదు. ఎద్దు కాలు విరిగితే ఎంత నష్టమో రైతుకు తెలుసు.

అదే రైతు బిడ్డ పాఠశాల జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతుంటే మాత్రం ఈ జాగ్రత్త కనబడదు. బెల్లు కొట్టగానే పుస్తకాల సంచి పక్కన పడేసి కోర్టులోకి దూకడం, మండల పోటీలు వారం ఉన్నాయనగా రెండు పూటలా ఆడించడం చాలాచోట్ల పరిపాటి అయింది. బంతికోసం ఎగిరి దిగేటప్పుడు చీలమండ మడతపడుతుంది. లేదా మోకాలిలో 'టప్'మని చప్పుడవుతుంది. ఆటన్నాక దెబ్బలు తగలవా అని పెద్దలు సరిపెట్టుకుంటారు. తగులుతాయి, నిజమే. కాని వాటిలో చాలాభాగం ముందుగానే నివారించవచ్చునని తేలి ఏళ్ళు గడిచాయి. ఆ సంగతి ఇక్కడి ఆటస్థలాలకు ఇంకా చేరవలసి ఉన్నది.

చెక్క నేల ఆట, రేగడి నేల

బాస్కెట్‌బాల్ పుట్టిందే దెబ్బలు తగ్గించడానికి. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ అధ్యాపకుడు, చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి, ఒకరినొకరు పడదోసుకోని ఆటగా దీన్ని రూపొందించాడు. బంతి పట్టుకుని పరుగెత్తరాదన్న నియమం అందుకే పెట్టాడు. ఈ ఆట మన దేశానికి వై.ఎం.సి.ఎ. ద్వారానే వచ్చింది. 1920లో హెచ్.సి.బక్ మద్రాసులో స్థాపించిన వ్యాయామ శిక్షణ కళాశాల దక్షిణాదికి ఎందరో వ్యాయామోపాధ్యాయులను అందించింది.

చెక్క నేలమీద పుట్టిన ఆ ఆట ఇక్కడ నల్లరేగడి మీద ఆడవలసి వస్తున్నది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని బీటలు వారుతుంది. పత్తికీ, మిరపకూ బంగారం వంటి ఆ నేల, దానిమీద కట్టిన సిమెంటు కోర్టును ఊరికే ఉండనివ్వదు. పునాది గట్టిగా లేకపోతే కొద్ది ఏళ్ళకే గచ్చు పగిలి ఎగుడుదిగుడు అవుతుంది. మట్టి కోర్టయితే వేసవిలో కాలివేళ్ళు దూరేంత నెర్రెలు. పిల్లల కాళ్ళకు పల్చని కాన్వాసు బూట్లు, ఒక్కొక్కచోట అవీ ఉండవు. చీలమండలు బెణకడంలో వింత ఏముంది?

అయితే నేలను మాత్రమే నిందించి లాభం లేదు. ఈ ఆటంతా ఎగరడం, దిగడం, పరుగెత్తి హఠాత్తుగా ఆగడం, మలగడం. మోకాలి లిగమెంటు తెగిన సందర్భాలలో చాలావాటిలో ఎదుటి ఆటగాడి చేయి కూడా తగలదు. మోకాలు బిగబట్టి నిటారుగా దిగినా, దిగేటప్పుడు మోకాలు లోపలికి ఒరిగినా బరువంతా లిగమెంటు మీద పడుతుంది. ఈ ప్రమాదం మగపిల్లలకంటే ఆడపిల్లలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. లిగమెంటు తెగితే శస్త్రచికిత్స, ఆ తరువాత తొమ్మిది నెలలో, ఏడాదో ఆటకు దూరం. కౌలు రైతు ఇంట అది మోయలేని భారం. ఆడపిల్లకయితే అంతటితో ఆటే ఆగిపోతుంది. కాలు పోగొట్టుకుంటే రేపు పెళ్ళి ఎట్లా అని ఇంట్లో అడ్డుపడితే ఆమె తరఫున మాట్లాడేవారు ఉండరు.

రెండు గంటల శిక్షణ

విరుగుడు ఖరీదైనది కాదు. కెనడాలోని కాల్గరీలో 920 మంది హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళపై జరిపిన పరిశోధన 2007లో వెలువడింది. ఆటకు ముందు ప్రత్యేక వార్మప్, ఇంటివద్ద ఊగే పలకమీద నిలబడే సాధన చేసినవారిలో ఆటలో హఠాత్తుగా తగిలే గాయాలు దాదాపు 30 శాతం తగ్గాయి. షికాగో ప్రభుత్వ పాఠశాలల్లో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే సుమారు 1500 మంది ఆడపిల్లల మీద జరిగిన ఇటువంటి పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. అక్కడ 90 మంది కోచ్‌లు పాల్గొన్నారు. కొత్త పద్ధతి అప్పగించినవారికి ఇచ్చిన శిక్షణ రెండు గంటలు మాత్రమే. ఎవరూ తగలకుండానే జరిగే చీలమండ బెణుకులు వారి జట్లలో సగానికి పైగా తగ్గాయి. అవి ధనికుల బడులు కావన్నది గమనార్హం.

ఇందులో చేసేది కష్టమేమీ కాదు. ముందు నాలుగైదు నిమిషాలు మెల్లగా పరుగు, పక్కకు పరుగు, వెనక్కు పరుగు. తరువాత సగం గుంజీళ్ళు, ఒక కాలు ముందుకు వేసి వంగడం, మడమలెత్తి నిలబడడం, మోచేతులమీద ఒంటిని నిటారుగా నిలపడం. ఆ తరువాత ఒంటికాలిమీద అర నిమిషం నిలబడడం. అలవాటయ్యాక అట్లా నిలబడే జతగాడు విసిరిన బంతి పట్టుకోవడం. చివరకు ఎగిరి దిగడం. దిగేటప్పుడు మోకాళ్ళు వంగాలి, పాదాలకు సూటిగా ఉండాలి, నేలమీద చప్పుడు కాకూడదు. ఆ చప్పుడే పరీక్ష. పాదాలు ధబ్బుమన్నాయంటే దిగడం తప్పు. మొత్తం పదిహేను, ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులైనా తప్పకుండా చేస్తేనే ఫలితం. పోటీనాడు ఒక్కరోజు చేస్తే ఒరిగేదేమీ లేదు.

కొన్ని ఆక్షేపణలు

మా పిల్లలు పొలాల్లో పనిచేసి గట్టిపడినవారు, ఇవన్నీ పట్నం పిల్లలకేనని కొందరంటారు. మిరపకోతకు, పత్తితీతకు వెళ్ళే పిల్లలకు ఓర్పు ఉన్నమాట నిజమే. కాని రోజంతా వంగి కాయలు కోసిన నడుముకు, ఎగిరి ఒంటికాలిమీద దిగే ఒడుపు దానంతటదే రాదు. పైగా అలసిన కాలే త్వరగా మడతపడుతుంది. ఆదివారం కోతకు వెళ్ళి వచ్చిన పిల్లవాణ్ణి సోమవారం తెల్లవారి కోర్టు చుట్టూ పరుగులు తీయించడం శిక్షణ కాదు.

గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టి, వంగి కాలివేళ్ళు ముట్టుకుంటున్నారు కదా అని మరికొందరంటారు. దానితో ఒళ్ళు వేడెక్కవచ్చు. సరిగా దిగడం, సరిగా ఆగడం దానితో రాదు. ఉన్న గంటలో పావుగంట పోతే ఆటెప్పుడని అడిగేవారికి, బెణికిన పిల్లవాడు మూడు వారాలు గట్టున కూర్చోవడమే జవాబు.

బెణుకు విషయంలో మరొక అపచారం జరుగుతున్నది. కాలు మెలిపడగానే పట్టి లాగడం, వేడి కాపడం, గట్టిగా మర్దన, మూడోరోజు మళ్ళీ ఆట. తొలి రెండు రోజులు కావలసినది విశ్రాంతి, సోడా కొట్టులోని ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పెట్టడం, కాలు ఎత్తుమీద ఉంచడం. నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తప్పదు. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణుకుతుంది గనుక, ఒంటికాలి సాధన అందరికంటే ఆ పిల్లవాడికే ఎక్కువ అవసరం.

చేయవలసినది

పోటీల పండుగలకు ఇక్కడ కొరత లేదు. 2023 డిసెంబరు 26న 'ఆడుదాం ఆంధ్రా' పోటీలు గుంటూరు దగ్గర నల్లపాడులోనే ప్రారంభమైనాయి. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ ఆటలకు 15 ఏళ్ళు నిండినవారెవరైనా దిగవచ్చునన్నారు. మంచిదే. ఎందరు ఆడారన్న లెక్కతోపాటు ఎందరు సిద్ధపడి ఆడారు, ఎందరి కాళ్ళు దెబ్బతిన్నాయన్న లెక్క కూడా ఉంటే అది ఇంకా మంచిది. ఆ లెక్క బాస్కెట్‌బాల్‌కే కాదు, ఎగిరి దిగే ప్రతి ఆటకూ కావాలి.

జిల్లా విద్యాశాఖ, క్రీడాధికారులు తలచుకుంటే ఇది ఒక్క ఉత్తర్వుతో మొదలయ్యే పని. మండలానికి ఒకచోట వ్యాయామోపాధ్యాయులను అరపూట కూర్చోబెట్టి ఈ వరుస నేర్పాలి. వ్యాయామోపాధ్యాయుడు లేని బడిలో పెద్ద తరగతి పిల్లలు ఇద్దరికి నేర్పినా చాలు. ప్రతి బడిలో గాయాల పుస్తకం ఒకటి పెట్టి ఎవరికి, ఎప్పుడు, ఎట్లా తగిలిందో రాయాలి. మట్టి కోర్టుల నెర్రెలు పూడ్చి, తడిపి, రోలరు తిప్పించాలి. వేసవి శిబిరాలలో మొదటి వారం ఒకపూటతో సరిపెట్టి, ఎండ ముదరకముందే పిల్లలను ఇళ్ళకు పంపాలి. వారంలో ఒకరోజు పూర్తిగా సెలవు ఇవ్వాలి.

జూన్‌లో బడులు తెరిచిననాడే మొదలుపెడితే మండల పోటీల నాటికి పిల్లలకు ఈ సాధన అలవాటవుతుంది. తల్లిదండ్రులు చేయవలసినది కూడా కొంత ఉన్నది. కప్పు తెచ్చావా అని అడిగేముందు, ఆటకు ముందు ఏం చేయిస్తున్నారని బడికి వెళ్ళి ఒక్కసారి అడగాలి.