గొంతు బొంగురుపోతే ఛాతీ ఎక్స్‌రే ఎందుకు?

గోదావరిఖనిలో గొంతు బొంగురుపోతే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 'బొగ్గుదుమ్ము పట్టిందన్నా, ఇంత బెల్లం తిను' అంటారు. యంత్రాల హోరులో అరిచి అరిచి గొంతు పోయిందనుకుంటారు. చాలాసార్లు నిజమూ అంతే. జలుబుతోనో, అరుపులతోనో వచ్చిన బొంగురు కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతేనే ఆలోచించాలి. అసలు జబ్బు గొంతులో కాదు, ఛాతీలో ఉండొచ్చు!

గొంతుకూ ఛాతీకీ ఏం సంబంధం? గని కార్మికులకు ఈ సంగతి చెప్పడం తేలిక. ఎండ్‌లెస్ హాలేజీ తాడు చూశారుగా... కిందికి దిగి, అడుగున చక్రాన్ని చుట్టి, మళ్లీ పైకొస్తుంది. స్వరపేటిక కండరాలను ఆడించే నరం దారీ అలాంటిదే. మెదడు నుంచి వేగస్ నరంతో కలిసి మెడలోకి దిగుతుంది. స్వరపేటికను దాటి కిందికి పోయి, ఓ రక్తనాళాన్ని చుట్టి వెనక్కి ఎక్కుతుంది. కుడివైపుది చేతికి వెళ్లే ధమనిని చుడితే, ఎడమది ఛాతీలో బృహద్ధమని వంపు దాకా దిగుతుంది. పిండదశలో గుండె మెడ దగ్గర నుంచి ఛాతీలోకి జారేటప్పుడు ఈ నరమూ వెంట సాగుతుంది. అందుకే ఇంత చుట్టుదారి! దీని పేరు రికరెంట్ లారింజియల్ నరం.

స్వరతంత్రులను దగ్గరికి చేర్చే కండరాలు, వాటిని తెరిచే ఒకే ఒక్క జత కండరాలు... అన్నీ దీని అదుపులోనే. క్రికోథైరాయిడ్ కండరం ఒక్కటే మినహాయింపు. తంత్రులను సాగదీసేది అదే. ఒగ్గు కళాకారుడు రాగం పైకెత్తాడంటే దాని చలవే. దానికి సుపీరియర్ లారింజియల్ నరం నుంచి వచ్చే శాఖ వేరే ఉంది. అది దెబ్బతింటే మాట ఉంటుంది, పైస్థాయి అందదు.

రెండో శతాబ్దంలోనే గాలెన్ అనే వైద్యుడు పంది మెడలో రికరెంట్ నరాలను బిగించి చూపించాడు. అరుస్తున్న పంది మూగబోయింది!

ఎడమ నరం ఊపిరితిత్తి పక్కనుంచే వెళ్తుంది. అక్కడ క్యాన్సర్ గడ్డ పెరిగినా, క్షయతో గ్రంథులు ఉబ్బినా, బృహద్ధమని వాచినా నరం నలుగుతుంది. ఏళ్లతరబడి దుమ్ము పీల్చినవారిలో గ్రంథులు గట్టిపడి, అరుదుగా ఇదే పని చేస్తాయి. థైరాయిడ్ ఆపరేషన్లలోనూ ఈ నరాలకు దెబ్బ తగలొచ్చు. ఒకవైపు తంత్రి పడిపోతే మాటలో గాలి పోతుంది, నీళ్లు తాగితే పొలమారుతుంది. రెండువైపులా పడిపోతే ఊపిరికే అడ్డం. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

బొంగురు మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు డాక్టరును కలవండి. తంత్రి కదలడం లేదని తేలితే ఛాతీకి ఎక్స్‌రే, సీటీ స్కాన్ రాస్తారు. బీడీ, సిగరెట్ అలవాటున్నవారు, కళ్లెలో రక్తం, మెడలో గడ్డ కనిపించినవారు అన్నాళ్లు కూడా ఆగొద్దు. మూలకారణానికి చికిత్స చేస్తూనే, స్వర శిక్షణతోనో, పడిపోయిన తంత్రిని మధ్యకు జరిపే ఇంజెక్షన్, ఆపరేషన్లతోనో మాటను చాలావరకు బాగుచేయొచ్చు.

రిటైరైన పెద్దలకు మరోమాట. గని దిగడం మానేసినా, పీల్చిన దుమ్ము లోపలే ఉంటుంది. బెల్లంతో అది పోదు. డాక్టరు దగ్గరికెళ్తే ఎన్నేళ్లు గనిలో పనిచేశారో తప్పక చెప్పండి.