వాన లెక్క ఎవరు వేస్తారు?

తిరువూరు దగ్గరి పెనుగొలనులో ఒక రైతు పత్తి వేసి, వాతావరణ బీమా చేశాడనుకుందాం. సమయానికి వాన పడక చేను ఎండిపోయింది. కాని బీమా కోసం ఎంచుకున్న వర్షమాపకం మరో ఊళ్లో ఉంది. అక్కడ ఆ వారమే మంచి వాన కురిసింది. ఈ రకం బీమాలో చేను చూడరు, మాపకంలోని అంకె చూస్తారు. కనుక రైతుకు పైసా రాదు. కంప్యూటరు తప్పు చేసిందా? లేదు. దానికి ఇచ్చిన వాన ఈ చేనిది కాదు, అంతే!

ఇలాంటి లెక్కలు వేసే నిపుణుణ్ణి యాక్చువరీ అంటారు. ఆయన రోజూ వాడే పనిముట్టు ఏదో గొప్ప యంత్రమని అనుకునేరు! చాలాసార్లు అది ఎక్సెల్ వంటి గళ్ల పట్టికే. పెద్ద లెక్కలకు ఆర్, పైథాన్ అనే భాషలూ, బీమా కోసమే తయారైన ప్రాఫెట్ వంటి ప్రోగ్రాములూ ఉన్నాయి.

పట్టికలో జరిగేది ఇది. ఒక వరుసలో ఇరవై ఏళ్ల వానలు రాస్తాం. నాలుగేళ్లు వాన తప్పిందనుకోండి. తప్పిన ప్రతిసారీ ఎకరాకు 10,000 రూపాయలు ఇవ్వాలంటే మొత్తం 40,000. ఇరవైతో భాగిస్తే ఏడాదికి 2,000. దీనికి ఖర్చులు, అనుకోని కష్టకాలానికి కొంత సొమ్ము కలిపితే ప్రీమియం వస్తుంది. ఒక్క గడిలో అంకె మారిస్తే చాలు, చివరి జవాబు రెప్పపాటులో మారిపోతుంది. ఆ గడిలోది తప్పు అంకె అయినా సరే, అంతే వేగంగా మారుతుంది.

తోకచుక్కతో పేరుపొందిన హేలీ 1693లో బ్రెస్లా నగరపు జననమరణాల వివరాలతో ఆయుర్దాయ పట్టిక వేశాడు. అందులో ఏడాది వయసువారు వెయ్యిమంది ఉంటే, ఇరవయ్యో ఏటికి మిగిలేది 598 మంది. అంతా చేతి లెక్కే! కూడికల్లో ఆయనకు సాయపడే యంత్రం లేదు కాని, ఏ అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకు తెలుసు. 2012లో జె.పి. మోర్గాన్ బ్యాంకు భారీగా నష్టపోయినప్పుడు విచారణలో ఒక సంగతి బయటపడింది. నష్టభయాన్ని కొలిచే వారి పట్టికలో ఒకచోట సగటుతో భాగించవలసింది మొత్తంతో భాగించారు. దాంతో ప్రమాదం ఉన్నదానికన్నా తక్కువగా కనిపించింది.

బడిలో కంప్యూటరు గది ఉంటే చాలదని నేనంటాను. “మీటలు నొక్కడం వస్తే ఉద్యోగం వస్తుంది” అంటారు కొందరు పెద్దలు. రావచ్చు. కాని అంకె పుట్టుక అడగనివాడు ఆ రైతుకు ఏం జవాబు చెబుతాడు?

ఈ వానాకాలం ఒక పని చేయండి. అంచులు నిటారుగా ఉన్న డబ్బాను చెట్టు, గోడ దగ్గర లేని చోట నిలపండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో నీటి లోతు కొలిచి, మిల్లీమీటర్లలో నోటుపుస్తకంలో రాయండి. పక్క ఊళ్లోని మీ స్నేహితుణ్ణీ అదే చేయమనండి. నెలాఖరున రెండు వరుసలూ పక్కపక్కనే వేసి, ఏయే రోజుల్లో తేడా వచ్చిందో చూడండి. ఆ తరువాతే కంప్యూటరు దగ్గరికి వెళ్లండి.