సిద్ధంగా ఉంటే సంసారం కూలిపోదు

ఇంట్లో గొడవలు ముదిరి, చిన్నపిల్లలతో ఏం చేయాలో తోచని ఆడపిల్లకి మనవాళ్ళు చెప్పే సలహాలు రెండే. ఒకటి "సర్దుకుపో". రెండోది "పెట్టె సర్దుకుని వచ్చెయ్". ఈ రెండిటికీ మధ్య చేయాల్సిన పని ఒకటుంది. విడిపోవాల్సి వస్తే ఎలాగో ముందే చూసుకోవడం.

అలా చూసుకుంటే కాపురం చెడాలని కోరుకున్నట్టే అంటారు కొందరు. నేనొప్పుకోను. బీమా కట్టినవాళ్ళంతా చావు కోరుకుంటున్నారా? చేతిలో డబ్బూ కాగితాలూ లేని మనిషి ఉన్నా భయంతోనే ఉంటుంది, వెళ్ళినా కోపంలోనే వెళ్తుంది. అవి ఉన్న మనిషి ఆలోచించి నిర్ణయించుకుంటుంది, కలిసే ఉందామని అయినా సరే.

ముందు కాగితాలు. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఆధార్, టీకాల కార్డు, ఫీజు రసీదులు, పెళ్ళి ఫొటోలు, నగల బిల్లులు, ఇంటి లోను కాగితాలు. అన్నిటికీ జిరాక్సులు తీసి నమ్మకమైన చోట పెట్టండి. భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలు అఫిడవిట్‌గా ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు మీ దగ్గరున్న కాగితమే మీకు ఆసరా.

తర్వాత డబ్బు. మీ ఒక్కరి పేరుతో ఖాతా ఉండాలి. ఓటీపీ మీ ఫోనుకే రావాలి. నెలకు ఐదొందలైనా అందులో వేయండి. అద్దె, పాలు, ఫీజు, ఆటో, మందులు కలిపి మూణ్ణెల్లకి ఎంతవుతుందో రాసి చూసుకోండి. అంకె తెలిస్తే సగం భయం పోతుంది. పెళ్ళిలో పుట్టింటివాళ్ళైనా అత్తింటివాళ్ళైనా మీకు పెట్టిన నగలు స్త్రీధనం, అవి మీవే. లాకరు ఎవరి పేరున ఉందో కనుక్కోండి. ఉమ్మడి ఖాతాని మాత్రం రాత్రికిరాత్రే ఖాళీ చేయకండి, రేపు కోర్టులో అదే మీకు అడ్డం తిరగొచ్చు.

"నా ఇంట్లోంచి పో" అన్నంత మాత్రాన పోనక్కర్లేదు. ఇల్లు మీ పేరున లేకపోయినా, కాపురముంటున్న ఇంట్లో ఉండే హక్కు 2005 నాటి గృహహింస చట్టం ఇచ్చింది. కానీ కొడుతుంటే, ప్రాణభయం ఉంటే ఈ లెక్కలేవీ వద్దు. పిల్లల్ని తీసుకుని ముందు బయటపడండి, 181కి ఫోన్ చేయండి. కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.

"నీకు సంపాదన లేదు, పిల్లల్ని ఇవ్వరు" అన్న బెదిరింపు చాలా ఇళ్ళలో వింటుంటాం. హిందూ చట్టం ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ఆ పైన వయసైతే కోర్టు ముందుగా చూసేది పిల్లల మేలు. పిల్లలు మీ దగ్గర ఉన్నా వాళ్ళని పోషించే బాధ్యత తండ్రికి పోదు.

లాయరుకి డబ్బులెక్కడివి అంటారా? ఆదాయం ఎంతున్నా లేకపోయినా ఆడవాళ్ళకి ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

కూతురికి పెళ్ళిలో బీరువా ఇస్తాం. అందులో తన పేరుతో ఒక పాసుపుస్తకం, తన కాగితాల ఫైలు కూడా పెట్టి పంపుదాం. అది అపశకునమేమీ కాదు.