రక్తం తక్కువ అంటే చిన్న మాట కాదు

"ఆడవాళ్లకి రక్తం తక్కువగానే ఉంటుందిలెండి, అదేం జబ్బు కాదు." మన ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఇది. ఈ మాటతో మేము ఏకీభవించలేము.

మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల నుండి శరీరమంతటికీ మోసుకుపోయేవి ఎర్ర రక్తకణాలు. వాటిలోని హిమోగ్లోబిన్ అనే పదార్థమే ఆ మోతపని చేస్తుంది. హిమోగ్లోబిన్ తయారు కావాలంటే ఇనుము కావాలి. ఒక్కో ఎర్ర కణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. నశించినవాటి స్థానంలో ఎముకల్లోని మజ్జ సెకనుకు దాదాపు 20 లక్షల కొత్త కణాలను తయారు చేస్తూ ఉంటుంది.

ఇనుము చాలకపోతే ఈ పని కుంటుపడుతుంది. ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం, నీరసం మొదలవుతాయి. గర్భిణి అయితే ప్రమాదం ఇద్దరికీ. బిడ్డ నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టవచ్చు. కాన్పులో అయ్యే రక్తస్రావాన్ని ఆరోగ్యవంతురాలు తట్టుకుంటుంది. రక్తహీనత ఉన్న తల్లికి అదే ప్రాణాంతకం కావచ్చు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. పదిమందిలో దాదాపు ఆరుగురికి ఉన్నంత మాత్రాన అది మామూలు అయిపోదు.

నీరసంగా ఉందని సెలైన్ పెట్టించుకునేవారు చాలామంది. సెలైన్ అంటే ఉప్పునీరు. అందులో ఒక్క ఎర్ర కణం కూడా లేదు. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కనుక రక్తం పడుతుందనుకోవడం కూడా పొరపాటే. అది మంచి కూరగాయే గాని అందులో ఇనుము కొద్దిగానే ఉంటుంది.

డాక్టరు ఐరన్ మాత్రలు వ్రాస్తే పది రోజులు వాడి, మలం నల్లగా వస్తోందనో, వికారంగా ఉందనో మానివేయకండి. మలం నల్లబడటం ఆ మందు స్వభావం. వికారం ఉంటే డాక్టరుతో చెప్పండి, మోతాదు మార్చగలరు. మాత్రను టీ, కాఫీలతో గాని, కాల్షియం మాత్రతో గాని కలిపి వేసుకోకూడదు. నిమ్మరసంతో వేసుకుంటే ఇనుము బాగా ఒంటపడుతుంది. హిమోగ్లోబిన్ పెరిగిన తరువాత కూడా ఒంట్లో నిలవ చేరడానికి కొన్ని నెలలు వాడాలి. గర్భిణులకు 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఈ మాత్రలు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది.

రక్తహీనత అంతా ఇనుము లోపం వల్లనే రాదు. నులిపురుగులు, అధిక ఋతుస్రావం, మొలలు, సికిల్ సెల్, తలసేమియా వంటివి కూడా కారణాలే. కనుక పరీక్ష ముఖ్యం. గర్భిణికి 11 గ్రాములు, ఇతర స్త్రీలకు 12 గ్రాముల కంటే హిమోగ్లోబిన్ తగ్గితే అది రక్తహీనతే.

ఇంటి పురుషులకు మా మనవి ఒకటుంది. అందరికీ వడ్డించి, మిగిలినది తినేది ఇంటి ఇల్లాలే. కూరలో మాంసం ముక్క, గుడ్డు, ఆకుకూర ఆమె కంచంలోకి కూడా చేరేలా చూడండి. మీ భార్య, కోడలు, ఎదిగిన కుమార్తె హిమోగ్లోబిన్ ఎంతో మీకు తెలుసా? తెలియకపోతే ఈ వారమే పరీక్ష చేయించండి. కాన్పు నొప్పులు వచ్చాక రక్తం కోసం పరుగెత్తడం కంటే, నాలుగు నెలల ముందే మాత్ర వేయించడం తేలిక.