ఎలివేటర్ బిగుసుకుంటే ఎయిర్‌బస్ ఏం చేస్తుంది?

2025 నవంబర్ చివర్లో ఏ320 రకం విమానాలకు ఉన్నట్టుండి సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. డీజీసీఏ లెక్కలో మన దేశంలోనే 338 విమానాలు. అంతకుముందు అక్టోబర్ 30న కాన్‌కున్ నుంచి నెవార్క్ వెళ్తున్న జెట్‌బ్లూ విమానం, పైలట్ ఏమీ చేయకుండానే ముక్కు కిందికి వంచింది. ఎలివేటర్లను నడిపే కంప్యూటర్లో తీవ్రమైన సౌర వికిరణం వల్ల డేటా చెడిపోవచ్చని ఎయిర్‌బస్ చెప్పింది.

వార్తలన్నీ సూర్యుడి చుట్టే తిరిగాయి. కోర్ ఉద్యోగం వెతుక్కుంటున్న మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. కంప్యూటర్ బాగానే ఉండి, ఎలివేటరే బిగుసుకుపోతే?

నర్మెట్ట నుంచి జనగామ వెళ్లే బస్సులో స్టీరింగ్ బిగుసుకుంటే డ్రైవర్‌కి బ్రేక్ అయినా ఉంటుంది. గాల్లో అదీ లేదు. అందుకే తోక మీద ఎలివేటర్‌ని ఎడమ, కుడి అని రెండుగా పెడతారు. హైదరాబాద్ నుంచి రాజమండ్రి వెళ్లే ఏటీఆర్‌లో పైలట్ చేతికీ ఎలివేటర్‌కీ మధ్య కేబుళ్లు, రాడ్లు. ఒక పక్క జామ్ అయితే చేతిలోని కంట్రోలూ కదలదు. గట్టిగా లాగి రెండు పక్కల మధ్య లింకు విడగొట్టి, కదిలే పక్కతో దిగాలి.

ఏ320లో స్టిక్ నుంచి వెళ్లేది కరెంటు సిగ్నలే. ఎలివేటర్ ఎన్ని డిగ్రీలు తిరగాలని కాదు, విమానం ఎంత స్పందించాలని అది అడుగుతుంది. ఆదేశానికీ ఎలివేటర్ అసలు స్థానానికీ పొంతన లేదని సెన్సర్ చెప్తే, కంప్యూటర్ రెండో హైడ్రాలిక్ జాక్‌కి పని అప్పజెప్తుంది. ఎలివేటరే ఇరుక్కుంటే జాక్ మార్చినా లాభం లేదు. అప్పుడు విమానం అడిగినంత స్పందించలేదని గమనించి, రెండో పక్క ఎలివేటర్‌ని ఇంకొంచెం తిప్పుతుంది. పరీక్ష కోసం బట్టీ పట్టిన క్లోజ్డ్ లూప్ ఇదేనండీ!

నాకు నచ్చేదీ, భయం వేసేదీ ఇక్కడే. స్టిక్ మామూలుగానే కదులుతుంది, చేతికి జామ్ తెలీదు. కంప్యూటర్ లోటు సర్దుతున్నకొద్దీ మిగిలిన ఎలివేటర్ తన పరిమితికి దగ్గరవుతుంది. అందుకే స్క్రీన్ మీద వచ్చే హెచ్చరిక అంత ముఖ్యం.

ఇలాంటి లెక్కలు మనవాళ్లూ చేశారు. 1998 అణు పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెడితే, తేజస్ ఫ్లై-బై-వైర్ పని ఇక్కడి ఇంజినీర్లే పూర్తి చేశారు. 2001 జనవరి 4న అది ఎగిరింది. ఆ ప్రోగ్రామ్ నడిపిన కోట హరినారాయణ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ అయ్యారు.

రెజ్యూమెలో ప్రాజెక్ట్ లేదా? సైలాబ్ ఉచితం. రెండు ఎలివేటర్ల చిన్న మోడల్ కట్టి, ఒకదాన్ని 5 డిగ్రీల దగ్గర బిగించేయండి. రెండోది పరిమితికి ఎంత దూరంలో ఆగిందో గ్రాఫ్ గీసి ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.